చార్టులో ఐదో కాలమ్

1984లో కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక భారతీయ పాఠశాలలో నేను తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెప్పేవాడిని. గురువారం చివరి పీరియడ్ కూడా నాకే అప్పగించారు. పత్రికల్లో నలుగుతున్న ఒక అంశాన్ని తీసుకుని, పిల్లలే సమాచారం సేకరించి, తరగతిలో చర్చించాలి. ప్రయోగశాల క్రమశిక్షణనే నేను అక్కడికీ తెచ్చాను. ప్రతి పరిశీలననూ పట్టికలో నమోదు చేయాలి. ఐదో కాలమ్ ‘సోర్స్’, అంటే ఆ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే గడి. అది ఖాళీగా ఉంటే మార్కులు లేవు.

ఆ మార్చిలో, ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికొక సెలవు ఉండాలా వద్దా అని ఇంగ్లిష్ పత్రికలో పాఠకుల ఉత్తరాలు వస్తున్నాయి. మేమూ అదే అంశం తీసుకున్నాం.

అందరికంటే మంచి పట్టిక షాహీనాది. కడప అమ్మాయి, తండ్రి చమురు కంపెనీలో ఫోర్‌మన్. తమ బిల్డింగులో పనిచేసే ఆడవాళ్లతో, డాబా మీద బట్టలు ఆరేసే వేళ మాట్లాడి వివరాలు రాసుకుంది. అందులో ఒకామె రాయచోటి లక్షుమ్మ. ఆమె వరుసలో ఇలా ఉంది: ‘సెలవు లేదు. బయటికి వెళ్లేది డాబా వరకే. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం మేడమ్ చదివిన తర్వాతే చేతికొస్తుంది.’

“సార్, ఫ్లాట్ నంబరు రాయాల్నా? లక్షుమ్మక్క వద్దనింది.”

“రీడింగ్ ఏ మీటరుదో చెప్పకపోతే ఎవరు నమ్ముతారమ్మా?”

“ఊరికే ‘ఒక ఇల్లు’ అని రాస్తే?”

“పేరు వద్దు. నంబరు వెయ్యి. ఇంకుతో వెయ్యి.”

“డోర్ నంబరు లేకపోతే సార్ దేవుణ్ణి కూడా నమ్మరు,” అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంత గర్వంగానే.

తల్లిదండ్రులు వచ్చే రోజున చార్టులన్నీ వరండా గోడకు తగిలించాం. లక్షుమ్మ పనిచేసే పన్నెండో ఫ్లాట్‌లో ఉండే తెలుగు ఇంజనీరు కొడుకు మా బడిలోనే ఆరో తరగతి. ఆయన పాఠశాల కమిటీ సభ్యుడు కూడా. షాహీనా చార్టు ముందు ఆగి, రెండుసార్లు చదివాడు.

“మాస్టారూ, మా ఇంటి లోపలి సంగతి మీ గోడకెందుకు ఎక్కింది? ఈ నంబరు వేయమన్నదెవరు?”

ఆ మరుసటి నెలలో నా ఇఖామా, అంటే నివాస అనుమతి, పునరుద్ధరించాలి. పాఠశాల సంతకం లేనిదే అది జరగదు. కారణం చెబుతున్నాను గాని సమర్థించుకోవడం లేదు.

“పిల్లలు స్వయంగా చేసిన ప్రాజెక్టండీ. తెలియక వేసి ఉంటారు,” అన్నాను.

షాహీనా నాకు రెండు అడుగుల దూరంలో, చార్టు చూపించే కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నా ముఖంలోకి ఒకసారి చూసి, కర్రను గోడకు ఆనించింది. నేను చార్టు విప్పి, చుట్టి, ఆయన చేతికిచ్చాను.

పది రోజుల్లో లక్షుమ్మను విమానం ఎక్కించారు. ఊళ్లో ఆమె కూతురు నర్సు శిక్షణలో ఉందనీ, ఇంకొక్క ఏడాది మిగిలిందనీ షాహీనా చెప్పగా తెలిసింది. ఆ పది రోజుల్లో ఏ ఒక్క రోజయినా నేను పన్నెండో ఫ్లాట్‌కు వెళ్లి, నంబరు వేయించింది నేనేనని చెప్పి ఉండవచ్చు. బడి నుంచి ఆ బిల్డింగు నడకకు ఆరు నిమిషాలు. వెళ్లలేదు.

“లక్షుమ్మ నన్నేమైనా అందా?” అని షాహీనాను అడిగాను. అడగడానికి కూడా సిగ్గుపడవలసిన ప్రశ్న అది.

“లేదు సార్. నంబరు వేసిన దినమే ఆమెకు చెప్పినా. ‘సారు వెయ్యమన్యాడంటే మంచికే చెప్పింటాడులే పాపా’ అనింది. వాళ్ల సారు చార్టు చూసిన దినం నుంచి ఆమెను డాబా మీదికి రానీలేదు.”

నేను అక్కడున్న తర్వాతి ఐదేళ్లూ ఆ పీరియడ్ మానలేదు. అయితే సర్వే మొదలుపెట్టే ముందు బోర్డు మీద ఒక ప్రశ్న రాసేవాడిని: ‘ఇది గోడకెక్కితే ఎవరికేమవుతుంది?’ దానికి జవాబు రాయనిదే పట్టిక గీయనిచ్చేవాడిని కాను. మనుషులు చెప్పింది మీటరు రీడింగ్ కాదని, చెప్పినవాళ్లను కాపాడటం కూడా పరిశోధనలో భాగమేనని నాకు నేర్పింది లక్షుమ్మ.

ఈ నియమం ఎక్కడిది సార్ అని పిల్లలు అడిగితే, అనుభవం అని తప్పించుకునేవాడిని. ఆ తరగతిలో సోర్స్ గడిని ఖాళీగా వదిలినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు నింపుతున్నాను: ఫ్లాట్ పన్నెండు అని వేయించింది నేను.