పెన్ను మూత

నెల్లూరు కౌన్సెలింగ్ మేడంకి ఒక అలవాటు ఉండేది. నేను "పర్వాలేదు" అన్నప్పుడల్లా రాయడం ఆపి, పెన్నుకు మూత పెట్టేవారు.

పెళ్లయి మూడేళ్లయినా నా భర్త దగ్గరికి వస్తే ఒళ్లంతా కొయ్యబారిపోయేది. భరించలేని నొప్పి. పరీక్ష చేసిన డాక్టరమ్మ వేరే జబ్బేమీ లేదనీ, భయానికి లోపలి కండరాలు బిగుసుకుపోతున్నాయనీ చెప్పి ఈవిడ దగ్గరికి పంపింది. ఇందుకూరుపేటలో మా పాస్టరమ్మ మాత్రం నాకు ఓర్పునిమ్మని ప్రార్థన చేసింది. నేనూ అదే మందనుకున్నాను.

అందుకే రెండోసారి వెళ్లినప్పుడు, "ఇప్పుడు పర్వాలేదు మేడం, ఓర్చుకుంటున్నా" అన్నాను గొప్పగా.

పెన్నుకు మూత పడింది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నా నోటి నుంచి నిజం రావడం కోసం ఒక మనిషి అంతసేపు కాచుకుని ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నొప్పి మేడం," అన్నాను చివరికి. "వద్దని చెప్పేదానికి భయం."

"ఓర్చుకోబాకమ్మా. నువ్వు ఓర్చుకునే కొద్దీ ఒళ్లు ఇంకా బిగుసుకుంటాది. ముందు వద్దనేది నేర్చుకుందాం," అని మూత తీశారు.

ఊపిరి వదులుతూ కండరాలు వదులు చేయడం నెలల తరబడి నేర్పారు. నా భర్తనూ పిలిపించి మాట్లాడారు.

ఒకరోజు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈరోజు వద్దు," అన్నాను.

"సరేలే," అని ఆయన చెయ్యి తీసేయబోయాడు.

నేనే వదలలేదు.