ఆకుపచ్చగా వెలిగిన పేరు

విజయవాడ నుంచి ఉయ్యూరు వెళ్ళే రోడ్డు పక్కన ఒక స్కూల్లో నేను కంప్యూటర్ టీచర్ని. పిల్లల్లో సగం మంది హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళే. పాఠం చెప్పడం కాక నాకు ఇంకో పని కూడా ఉంది. ల్యాబ్‌లో ఏ వెబ్‌సైట్ తెరుచుకోవాలో, ఏది తెరుచుకోకూడదో చూసుకునేది నేనే. స్టాఫ్ రూంలో దాన్ని నా వాచ్‌మన్ డ్యూటీ అంటారు.

పిల్లలు చూడకూడనివి చూస్తున్నారని ఒక పేరెంట్స్ మీటింగులో పెద్ద గొడవయ్యాక యాజమాన్యం ఈ ఏర్పాటు చేయించింది. గవర్నర్‌పేట నుంచి ఒక కంపెనీవాళ్ళు వచ్చి సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్ళారు. అప్పటినుంచి ఎవరి లాగిన్ వాళ్ళది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది. నా టేబుల్ మీది స్క్రీన్‌లో క్లాసు పేర్లన్నీ వరసగా కనపడతాయి. పిల్ల లాగిన్ అయితే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. మూసేసిన సైటు కోసం ప్రయత్నిస్తే ఎర్రబడుతుంది. గేములు, సినిమా పాటలు, క్రికెట్ స్కోరు, అన్నిటికీ ఎరుపే. మొదట్లో ఆ సాఫ్ట్‌వేర్‌కి చాదస్తం మరీ ఎక్కువ. సైన్సులో పునరుత్పత్తి పాఠం కూడా తెరవనిచ్చేది కాదు. సైన్సు సార్ తలుపు దగ్గర నిలబడి, "మేడం, కనీసం పువ్వుల వరకైనా వదలమనండి" అనేవారు. అలాంటివన్నీ నేను చూసి, ఇది పాఠమేనని కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి చెప్పి, ఒక్కొక్కటే తెరిపించేదాన్ని.

అలా తెరిపించినవాటిలో ఇంగ్లీషు చదవడం నేర్పే సైటు ఒకటి. పిల్లలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకులో పాఠం చదవాలి. అది రికార్డ్ చేసుకుని, ఏ మాట తప్పు పలికారో చెబుతుంది. ల్యాబ్ లాగిన్‌తోనే తెరుచుకుని, చదివినవన్నీ ఎవరి అకౌంట్‌లో వాళ్ళకి దాచి పెడుతుంది.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి. కొల్లేరు ఒడ్డున ఊరు. తండ్రి పడవ మీద వేటకి వెళతాడు, తల్లి చేపలు అమ్ముతుంది. క్లాసులో లేపి ఏదైనా అడిగితే నోట్లోంచి మాట వచ్చేది కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మాత్రం తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలిసేది కాదు. ఆ వరసంతా తిరిగి చూసేవాళ్ళు. పక్క సీటు పిల్ల మోచేత్తో పొడిస్తే నాలుక కరుచుకుని నవ్వేది.

దసరా సెలవులకి ఇంటికెళ్ళింది. జ్వరం అన్నారు. మామూలు జ్వరమే అనుకుని ఊళ్ళో మందులు వాడారు. ప్లేట్‌లెట్లు పడిపోయాక ఏలూరు తీసుకెళ్ళారు. స్కూలు తెరిచిన రోజు అసెంబ్లీలో ప్రిన్సిపల్ గారు ఆ పిల్ల పేరు చెప్పి, ఇక లేదని చెప్పారు. పిల్లలందరూ తలలొంచుకుని నిలబడ్డారు. ఆ పక్క సీటు పిల్ల మాత్రం తల ఎత్తి సూటిగా మైకు వైపే చూస్తోంది, ఆ చెప్పింది తప్పని ఇంకెవరైనా వచ్చి చెబుతారేమో అన్నట్టు.

ఆ తర్వాత పరీక్షలు, ప్రాక్టికల్స్. లాగిన్లు తీయడం, కొత్తవి పెట్టడం మేము ఏడాది చివర ఒకేసారి చేస్తాం కాబట్టి ఆ పేరు నా స్క్రీన్ మీద అలాగే ఉండిపోయింది. బూడిద రంగు చుక్కతో, ఒక ఖాళీ కుర్చీలాగా. దాని మీదికి చూపు పోకుండా జాగ్రత్తపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిరియడ్. బయట చెరుకు ట్రాక్టర్లు బరువుగా పోతున్నాయి. కిటికీ అద్దాలు సన్నగా అదురుతున్నాయి. ఎవరో ప్రింటర్ పనిచేయట్లేదంటే చూసి వచ్చి కూర్చున్నాను. ఆ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.

నాకు ముందు వింతగా ఏమీ తోచలేదు. ఆహా, వచ్చిందన్నమాట, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆ తర్వాతే గుర్తొచ్చింది. లేచి వరసల వైపు చూశాను. అందరూ తలలు వంచుకుని చదువుకుంటున్నారు. గదంతా ఇంగ్లీషు మాటల గుసగుస. మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగేసరికి చుక్క బూడిద రంగైపోయింది.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆటోనగర్‌లో లారీల రిపేరు షెడ్డు ఆయనది. ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడమే రోజంతా పని.

"పాస్‌వర్డ్ తెలిసిన పిల్లలెవరో ఆడుకుంటున్నారు. అంతేగా?" అన్నాడు.

"అంతే" అన్నాను.

అంతేనని నాకూ తెలుసు. కానీ ఆ పిరియడ్ ఉన్న రోజున పొద్దున్నే ఆ చుక్క గుర్తొచ్చేది. ల్యాబ్ తాళం తీసి ఫ్యాన్లు వేసేటప్పుడు వెనక వరస వైపు చూడబుద్ధి అయ్యేది కాదు. పిల్లలు వచ్చి బిలబిలమని కూర్చునేదాకా తలుపు దగ్గరే నిలబడేదాన్ని.

కొన్ని వారాలు ఏమీ జరగలేదు. మళ్ళీ ఒకరోజు వెలిగింది. ఈసారి నేను లేవలేదు. ఏ కంప్యూటర్ నుంచో ఆ సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. వెనక వరస, కిటికీ పక్కది. తెరిచింది ఇంగ్లీషు చదివే సైటు. మెల్లగా నడిచి వెళ్ళి ఆ కుర్చీ వెనక నిలబడ్డాను. ఆ పక్క సీటు పిల్లే. స్క్రీన్ మీద ఆ చనిపోయిన అమ్మాయి పేరు, దాని కింద తను చదివిన పాఠాలు. ఈ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే వాటిని చూస్తూ కూర్చుంది.

క్లాసు అయ్యాక ఉండమన్నాను. తనతోపాటు ఇంకో ఇద్దరు కూడా వెళ్ళకుండా నిలబడ్డారు.

"మేము కూడా చేశాం మేడం. దాన్నొక్కదాన్నే అనకండి" అంది ఒకమ్మాయి.

"ఎందుకు చేస్తున్నారమ్మా?"

పక్క సీటు పిల్ల చెప్పింది. "నెల రోజులు ఎవరూ లాగిన్ అవ్వకపోతే దాచినవన్నీ తీసేస్తామని ఆ సైట్లో రాసుంది మేడం. దాని గొంతు అందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు. మాకు హాస్టల్లో ఫోన్లుండవు కదా."

"పాస్‌వర్డ్ నీకెలా తెలుసు?"

"నా పేరే పెట్టుకుంది మేడం."

"మరి వింటున్నారా?" అని అడిగాను.

"ఒక్కసారి విన్నాం. ఆ రోజు అన్నం తినలేకపోయాం. ఇక వినట్లేదు." అని ఆగి, "ఉంచుతున్నాం మేడం, అంతే" అంది.

విషయం ప్రిన్సిపల్ గారికి చెప్పక తప్పదు. ఒకరి లాగిన్ ఇంకొకరు వాడకూడదన్న రూలు ఆయన పెట్టిందే. అంతా విని కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "పిల్లల్ని ఏమీ అనకండి. కానీ మేడం, చనిపోయిన పిల్ల పేరు మీద మన స్కూల్లో నెట్ నడుస్తోందని బయట తెలిస్తే ఆ తల్లిదండ్రులు ఏమనుకుంటారు? ఆ అకౌంట్ మూసేయాలి" అన్నారు.

"ఆ రికార్డింగులు దింపుకునేదాకా టైమివ్వండి సార్. వాళ్ళ అమ్మగారికి ఇద్దాం."

ఆయన తల ఊపారు.

మా ల్యాబ్‌లో ఆడియో ఫైళ్ళు దింపుకోవడం మూసేసి ఉంటుంది. అలా మూయించింది నేనే, పిల్లలు పాటలు దింపుకుంటారని. గవర్నర్‌పేట కంపెనీకి ఫోన్ చేసి ఒక పూట తెరవమన్నాను. కారణం అడిగారు. పాఠాలు అన్నాను.

ఫైళ్ళన్నీ సరిగ్గా దిగాయో లేదో చూడాలంటే వినాలి. భోజనాల టైములో తలుపు దగ్గరగా వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పాఠం లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే మనిషి గురించి. సముద్రం మధ్య చిన్న దీవి. ఆ దీవి అన్న మాట, 'ఐలాండ్' దగ్గర ఆ పిల్ల తడబడింది, మళ్ళీ అంది, మళ్ళీ తప్పే అంది. పక్కనుంచి ఎవరో నవ్వు ఆపుకుంటూ సరిచేశారు. కుర్చీ కిర్రుమంది. ఫ్యాను చప్పుడు. దూరంగా ఒక ట్రాక్టర్ హారన్. అది రికార్డింగులోదో, అప్పుడు బయట రోడ్డు మీద మోగిందో తెలియక ఒక చెవి తీసి విన్నాను. బయట ఏమీ లేదు.

మళ్ళీ పెట్టుకున్నాను. నాలుగు వాక్యాలు బాగానే చదివింది. అప్పుడు వెనకనుంచి, కొంచెం దూరంగా, ఒక ఆడమనిషి ఆ పిల్లని పేరు పెట్టి పిలిచింది. నా గొంతే.

చదవడం ఆగింది. "వస్తున్నా మేడం!" అంది ఆ పిల్ల. మైకు దగ్గరగా, గట్టిగా, నా చెవిలోనే. హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పులు వేసుకుని పరిగెత్తిన చప్పుడు. ఆ తర్వాత ఖాళీ కుర్చీ ముందు మైకు ఆ గదిని అలాగే రికార్డ్ చేస్తూ పోయింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

హాస్టల్లో ఉన్న పెట్టె తీసుకెళ్ళడానికి ఆ అమ్మాయి తల్లి వచ్చింది. పొద్దున కైకలూరులో బస్సెక్కి వచ్చిందట. టీ ఇప్పించి, పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మీ అమ్మాయి పాఠం చదివింది కంప్యూటర్‌లో ఉందండీ. గొంతు. వింటారా? వద్దంటే వద్దులెండి."

ఆమె గ్లాసు కింద పెట్టింది. పెట్టె మూత మీద చేత్తో దుమ్ము తుడిచింది. అంత దుమ్మేమీ లేదు. "పదండి మేడంగారూ" అని తనే లేచింది.

ల్యాబ్‌లో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ ఇస్తే ఒక చెవికే ఆనించుకుంది. రెండో చెవికి పెట్టుకోలేదు. పాఠం మొదలైంది. ఆమె ముఖం చిట్లించింది.

"ఇంగిలీషా?"

"అవునండీ."

"ఇది మా పిల్ల కాదండి. మా పిల్ల ఇంత గట్టిగా మాట్లాడదు. ఇంట్లో దాని గొంతే వినపడదు."

ఫైలు తప్పు పెట్టానేమోనని చూశాను. అదే. "ఇంకాస్త వినండమ్మా" అన్నాను.

ఆ దీవి అన్న మాట దగ్గరికి వచ్చింది. తడబడి, చివరికి పిల్ల నవ్వింది. తల్లి చెయ్యి హెడ్‌ఫోన్ మీద బిగుసుకుంది. "ఆ. ఇదే. ఇది అదే" అంది. కళ్ళు మూసుకుంది. ఇక కదల్లేదు. తను ఎప్పుడూ వినని కూతురొకతి ఉందని అప్పుడే తెలిసినట్టుంది ఆమెకి. అంత ధైర్యంగా పెద్ద గొంతుతో చదివే కూతురు.

తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూసింది. "ఈ పిలిచేది ఎవరండి?"

"నేనేనండీ."

"వస్తున్నా అంటంది."

"అవును."

"అక్కడ మళ్ళీ పెట్టండి."

పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో తెలియదు. ప్రతిసారీ ఆ పరుగు చప్పుడు దాకా విని, అక్కడ చెయ్యి ఎత్తి ఆపమనేది. చివరికి తన ఫోను తీసి ఇచ్చింది. "ఇంగిలీషుది నాకెందుకు మేడంగారూ. ఆ వస్తున్నా అన్నది ఎక్కించండి, చాలు."

నేను మొత్తం ఎక్కించాను. ఆ ఒక్క మాట ఉన్న ముక్కని విడిగా కోసి, తేలిగ్గా దొరికేలా పైన పెట్టాను. ఎలా మోగించాలో చూపించాను. వాచ్‌మన్ పెట్టెని ఆటోలో పెడితే ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

అకౌంట్ మూసేసే రోజున ఆ ముగ్గురు పిల్లల్నీ పిలిచాను. రికార్డింగులన్నీ ఆ అమ్మాయి వాళ్ళ అమ్మగారు తీసుకెళ్ళారని చెప్పాను. "అయితే ఫరవాలేదు మేడం" అంది పక్క సీటు పిల్ల. తొలగించమంటారా అని స్క్రీన్ అడిగింది. తొలగించాను. కింది పేర్లన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. మధ్యలో ఖాళీ కూడా మిగల్లేదు. ఆ పిల్ల అది చూసి, "ఇంత తొందరగానా?" అంది.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆ అమ్మాయి తండ్రి. ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. వెనక నీళ్ళ చప్పుడు, పక్షుల గోల వినపడుతున్నాయి. భార్య ఇన్నాళ్ళూ ఆ రికార్డింగు సంగతి తనకి చెప్పలేదట. చెబితే మనిషి ఏమైపోతాడోనని భయపడిందట. నిన్న వినిపించిందట.

"ఒక్క మాట అడుగుదామని చేశానండి" అన్నాడు.

"అడగండి."

"మీరు పిలిచారు కదండి. అది వస్తున్నా అని వచ్చింది కదా. ఎందుకు పిలిచారండి?"

నేను ఆలోచించాను. ఐడీ కార్డు వేసుకోలేదనా, రికార్డు బుక్కు తీసుకోమనా, ఇంటినుంచి ఫోను వచ్చిందనా. రోజుకి ఎంతమందినో పిలుస్తాను. ఆ పిల్ల నా టేబుల్ ముందుకి వచ్చి నిలబడే ఉంటుంది. నేనేదో అడిగే ఉంటాను, తనేదో చెప్పే ఉంటుంది. ఒక అబద్ధం చెప్పొచ్చు. బాగా చదువుతున్నావని చెప్పడానికే పిలిచానండీ అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"గుర్తు లేదండీ" అన్నాను.

అవతల తెడ్డు పడవలో పెట్టిన చప్పుడైంది.

"పోన్లెండి" అన్నాడు. "ఏదో పనుండే పిలిచుంటారు. అది వచ్చిందిగా."

ఫోను పెట్టేశాడు. అది ఏ రోజో, ఎందుకు పిలిచానో, ఇప్పటికీ గుర్తు రాలేదు.