మిల్లు కాటా మీద డ్రిల్లు మాస్టారు

1962 ఫిబ్రవరి. బందరులో నేను కాంపౌండరుగా పనిచేస్తున్న ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు బరువుల రిజిస్టరు నా చేతిలో ఉండేది. మందులు కలపడం నా ఉద్యోగం, లెక్కలు నా సరదా. చదువు థర్డ్ ఫారంతో ఆగిపోయినా దశాంశాలు, నిష్పత్తులు, గ్రాఫు గీయడం పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. "నీ గ్రాఫు ఉంటే రోగిని చూడక్కర్లేదయ్యా" అని డాక్టరు గారు ఒకసారి మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకెంత చెరుపు చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దేవదానం గారు చల్లపల్లి దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వయసు ముప్పై నాలుగు. రెండేళ్ళుగా కడుపునొప్పి, విరేచనాలు, సాయంత్రం జ్వరం. అందరూ పేగుల క్షయ అనుకుని దానికే మందులు వాడారు. చివరికి పేగు మూసుకుపోతే మా దగ్గరికి తెచ్చారు. డాక్టరు గారు రిసెక్షన్ చేశారు, అంటే చెడిపోయిన ముక్క కోసి తీసేసి మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. ఆ ముక్కను పరీక్షకి మద్రాసు పంపితే క్షయ కాదు, పేగు వాచి పుళ్ళు పడే క్రోన్స్ జబ్బు అని జవాబు వచ్చింది. మా వార్డులో ఆ పేరు వినడం అదే మొదలు. "ఇది పోయే జబ్బు కాదు, అణిగి ఉండే జబ్బు. అణిగి ఉన్నన్నాళ్ళు మనవి" అన్నారు డాక్టరు గారు. ప్రెడ్నిసొలోన్ అనే కొత్తరకం మాత్రలు మొదలుపెట్టారు.

జబ్బుకి ముందు ఆయన బరువు నూట నలభై పౌన్లు. డిశ్చార్జి నాడు తొంభై ఏడు, అంటే నలభై నాలుగు కిలోలు.

"కాంపౌండరు గారూ, పిల్లల ముందు నిలబడి 'అటెన్షన్' అంటే నా నిక్కరే వినిపించుకోవట్లేదండీ, జారిపోతోంది" అని నవ్వించాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "జూన్ దాకా నా పోస్టు ఉంచుతామన్నారు. బడి తెరిచేముందు హెడ్మాస్టరు గారి ఎదుట గ్రౌండు చుట్టూ ఒక రౌండు పరిగెత్తి చూపించాలి. ఎక్సర్‌సైజు తప్ప నాకింకో విద్య రాదండీ. ఎలా మొదలెట్టాలో ఓ లెక్క కట్టివ్వండి."

డాక్టరు గారిని అడిగాను. "నడవనీ, మంచిదే. బరువు తగ్గినా, జ్వరమొచ్చినా, విరేచనాలు పెరిగినా నాకు చూపించాలి" అన్నారు.

లెక్క కట్టాను. మొదటివారం పూటకి రెండు వందల అడుగులు. ప్రతి ఆదివారం బరువు చూసుకోవాలి. అర కిలో పెరిగితే మరో రెండు వందలు కలపాలి. పెరగకపోతే పాత లెక్కే. తగ్గితే నడక ఆపి బస్సెక్కి మా దగ్గరికి రావాలి. రెండువేలు దాటాక అందులో కొంత పరుగు. ఆ ఊళ్ళో మనుషుల్ని తూచే యంత్రం లేదు. రైసుమిల్లులో ధాన్యం బస్తాలు తూచే కాటా ఉంది, అప్పుడే కిలోల్లోకి మార్చారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ దాని మీద ఎక్కి, బరువు, అడుగులు, విరేచనాలు మూడూ కార్డు మీద రాసి పోస్టు చెయ్యాలని ఒప్పందం. ప్రతిసారీ ముందు ఇరవై కిలోల తూకపు రాయి పెట్టి కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకోమన్నాను. కాటాని అనుమానించినంత జాగ్రత్తగా నేను దేన్నీ అనుమానించలేదు.

కార్డులు మంగళవారానికల్లా వచ్చేవి. మార్చి మొదట్లో నలభై నాలుగు కిలోలు. ఎనిమిది వారాలకి నలభై ఏడు. "మిల్లువాళ్ళు నన్ను చూసి 'మాస్టారూ, ముక్క బియ్యమా, సన్న బియ్యమా?' అంటున్నారండీ" అని ఒక కార్డు మీద రాశాడు. పౌన్లలోకి మార్చి గ్రాఫు మీద చుక్క పెట్టేవాణ్ణి. మే నెలలో వారానికి ఒక కిలో చొప్పున గీత పైకి లేచింది. అంత బాగా లేచే గీత అదివరకు నేను గీయలేదు. అదే నెలలో విరేచనాలు రోజుకి మూడు నుంచి ఐదయ్యాయి. పక్కనే "మామిడికాయ పప్పు ఎక్కువ తిన్నాను, అంతే" అని రాసి ఉంది. బరువు పెరుగుతోంది కదా, అంతే అయ్యుంటుందని నేనూ అనుకున్నాను. ఆ కార్డు డాక్టరు గారికి చూపించలేదు.

విరేచనాల మనిషికి బస్సు ప్రయాణం కష్టం కాబట్టి మాత్రల కోసం ఆయన భార్య సుగుణమ్మ గారు వచ్చేది. మే మధ్యలో మందుల కిటికీ దగ్గర నిలబడి అన్నది:

"ఆయనకి బూట్లు పట్టట్లేదండీ. సాయంత్రమైతే లేసులు మొత్తం ఊడదీసినా పాదం దూరట్లేదు."

నేను నవ్వాను. "ఒళ్ళు చేస్తున్నారమ్మా. ఒక సైజు పెద్దవి తీసుకోమనండి."

"మొహం గుండ్రంగానే ఉందండీ. చొక్కా విప్పితే భుజాలు చూడలేకపోతున్నాను. దండేనికి ఆరేసినట్టుంటాయి."

"భుజాలకి టైము పడుతుంది. ఇదిగో, ఈ గీత చూడండి" అని గ్రాఫు తెరిచి చూపించాను.

"నాకు గీతలు తెలియవండీ" అని మాత్రలు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

జూన్ మొదటివారం. అప్పటికి యాభై ఒక్క కిలోలు, పూటకి మూడువేల అడుగులు. హెడ్మాస్టరు గారు విజిల్ ఊదారట. ఈయన బూట్లు లేకుండానే పరిగెత్తాడు. ముప్పావు చుట్టు దాటాక కడుపు పట్టుకుని కూర్చుండిపోయాడు. బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి బందరు తెచ్చారు.

"ఎంతున్నాడు?" అన్నారు డాక్టరు గారు.

"నూట పన్నెండు పౌన్లండీ" అన్నాను. అప్పటికీ నా గొంతులో కొంచెం గర్వం ఉంది.

ఆయన దేవదానం గారి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశారు. పిండిలో వేలు గుచ్చినట్టు గుంట పడింది. నేను లోపల అంకెలు లెక్కపెడుతున్నాను. ముప్పై దాటినా గుంట నిండలేదు. ఎడీమా అంటారు దాన్ని, ఒంట్లో నీరు చేరడం. తిన్నదాంట్లో సత్తువ పేగు పట్టుకోలేకపోతే నీరు నిలుస్తుంది. ఆ మాత్రలకీ నిలుస్తుంది.

"నూట పన్నెండులో మనిషెంత, నీళ్ళెంత, కాంపౌండరూ?"

నీరు తీసే ఇంజెక్షన్లు ఇచ్చారు. ఏడో నాడు తూచాను. నలభై కిలోలు. డిశ్చార్జి నాటికంటే నాలుగు కిలోలు తక్కువ. అంటే ఆ మనిషి మూడు నెలలూ కరిగిపోతూ నడిచాడు, కరిగినకొద్దీ నేను అడుగులు పెంచుతూ పోయాను. బరువు తగ్గితే రమ్మన్నాను. తగ్గలేదు కాబట్టి ఆయన రాలేదు.

"పరుగు వల్ల జబ్బు తిరగబెట్టలేదు. కానీ నెల ముందు చూసి ఉంటే నా చేతిలో కొంచెం పేగు మిగిలేది" అన్నారు డాక్టరు గారు. రెండో ఆపరేషన్‌లో ఇంకో ముక్క పోయింది. పోస్టు వేరే అతనికి ఇచ్చారు.

ఆగస్టులో ఇంటికి వెళ్తూ దేవదానం గారు నా కిటికీ దగ్గర ఆగాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఈసారి ఎన్ని అడుగులతో మొదలెట్టమంటారండీ?"

నా తప్పంతా ఆయనకి చెప్పాను, మామిడికాయ పప్పు కార్డుతో సహా. తల ఊపాడు. "అది నేనే రాశానుగా. ఆపమంటారని భయపడ్డాను" అన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. మాత్రల పొట్లం కట్టి చేతికిచ్చాను. సుగుణమ్మ గారు నా వైపు చూడలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని "పదండి, బస్సు వెళ్ళిపోతుంది" అంది.

నేను అడగకపోయినా కార్డులు వచ్చాయి. "గుమ్మం నుంచి దొడ్డి దాకా, ఇరవై రెండు." తర్వాతి వారం ఇరవై రెండు. ఆపైన పద్దెనిమిది. బరువు రాయలేదు, మిల్లు దాకా వెళ్ళలేక. కార్తీకంలో వచ్చిన కార్డు మీద చేతిరాత ఆయనది కాదు. "అడుగులు లేవండీ" అని ఉంది, అంతే. క్రిస్మస్ ముందు పోయాడని ఆ ఊరి పేషెంటు ఒకాయన చెప్పాడు.

బరువుల రిజిస్టర్లో ఇప్పుడు నేను గీసుకున్న గడి ఒకటి అదనంగా ఉంది. ముందు మోకాలి కింద బొటనవేలితో నొక్కి, గుంట నిండేదాకా అంకెలు లెక్కపెట్టి రాస్తాను. ఆ తర్వాతే కాటా. ఆ గడి వల్ల దేవదానం గారికి ఒరిగేదేమీ లేదు. రోగి వెంట వచ్చినవాళ్ళని "సాయంత్రం పూట చెప్పులు పడుతున్నాయా?" అని కూడా అడుగుతాను. ఇదేం ప్రశ్న అని చాలామంది నవ్వుతారు. నేనూ ఒకసారి నవ్వాను.