ఏడ్చిన కాయితం

2022 వానాకాలం. ఏలూరులో ఒక డీటీపీ సెంటర్‌లో నేను ఆపరేటర్‌ని. డీటీపీ అంటే చేతిరాతను కంప్యూటర్‌లో కొట్టి, పేజీగా అమర్చి, అచ్చుకు పంపడం. తెలుగు ఎం.ఏ. చదివి తెలుగు టైపు చేస్తున్నాను కాబట్టి, చదువుకు తగిన పని దొరికిన కొద్దిమందిలో నేనొకణ్ణి.

పెద్దకర్మ రోజు పంచే జ్ఞాపకార్థం కార్డులకు మా దగ్గర ఒక ఆల్బమ్ ఉంటుంది. అందులో కవితలకు నంబర్లు వేసి ఉంటాయి. పోయినవారు ఎవరైనా సరే, జనం అడిగేది ఏడో నంబరు.

పెదపాడు వైపు చేపల చెరువుల మీద పనిచేసే నాగరత్నం గారు ఆ ఆల్బమ్ మూసేసి, నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఇచ్చారు. ఆవిడ భర్త చెప్పులు గట్టు మీద విడిచి చెరువులో దిగాడు. గుండె ఆగిపోయి మళ్ళీ పైకి రాలేదు. ఆదివారం పెద్దకర్మ. ఆ రోజు బుధవారం.

గట్టు మీద నీ చెప్పులు
నీళ్ళ వైపే తిరిగున్నాయి
ఇంటికి తెచ్చుకున్నాను
నా కన్నీరే కొల్లేరు

తప్పులు చూసుకోవడానికి ప్రూఫ్ తీసి ఇచ్చాను. గురువారం వచ్చి చివరి వరుస కొట్టేశారు.

"అదే బాగుందండీ" అన్నాను.

"కొల్లేరు చూడనోళ్ళు అంటారండీ అలాగ. మేం రోజూ చూత్తాం కదండీ."

శుక్రవారం మళ్ళీ బస్సెక్కి వచ్చారు. ఈసారి మూడో వరుస.

"తెచ్చుకున్నానంటే అబద్ధం అవుద్దండీ. తేలేదు. చెయ్యి రాలేదు. ఇంటి వైపు తిప్పి పెట్టానంతే."

ఆ సమయానికి పక్క కుర్చీలో తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మాస్టారున్నారు. రిటైరైన లెక్చరర్, కవి. ఆయన కవితల పుస్తకం మా దగ్గరే తయారవుతోంది.

"ఏమ్మా, ఏడుపుకి కూడా దిద్దుబాట్లా?" అని నవ్వారు. "కవిత్వం పొంగి రావాలి. మొదట వచ్చిందే నిజం. తరవాతదంతా వడ్రంగి పని."

ఆవిడ తల వంచుకున్నారు. "నాకు కవిత్వం తెలీదండీ. ఆయన గురించి తప్పు పడకూడదని" అంటూ, దిద్దిన కాగితం నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు.

"మొదటిదే వెయ్యవయ్యా. ఆవిడే వచ్చి నీకు దండం పెడుతుంది" అన్నారు మాస్టారు. కవిత్వం పొంగి రావాలని పరీక్షల్లో నేనూ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. బుధవారం నాటి నాలుగు వరుసలే అచ్చుకు పంపాను.

శనివారం పొద్దున ఆవిడ కార్డుల కట్ట విప్పి చదువుకున్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇది నేను ఏడ్చిన కాయితమండీ. ఆయనకి ఇవ్వాల్సింది మీ టేబుల్ మీద పెట్టాను కదండీ."

కార్డులు మళ్ళీ వేయించి, సాయంత్రం నేనే బండి మీద తీసుకెళ్ళి ఇచ్చాను. తిరిగొస్తుంటే చెరువు గట్టు మీద చెప్పులు కనిపించాయి. వానకు తడిసి, ఇంటి వైపు తిరిగి ఉన్నాయి.

దారి పొడుగునా నాకు ఒళ్ళు మండింది. సగం నా మీద, సగం మాస్టారి మీద. ఎందుకంటే ఆయన పుస్తకానికి రాసుకున్న ముందుమాటలో "ఈ కవితల్లో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు" అనే వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నా చేత నాలుగుసార్లు దిద్దించారు.

సోమవారం ఐదోసారి దిద్దించడానికి వచ్చారు.

"మొదట వచ్చిందే నిజమన్నారు కదండీ మాస్టారూ. మీ ముందుమాట మొదటి ప్రతే అచ్చుకు పంపేశాను" అన్నాను.

కుర్చీలోంచి లేచిపోయారు. "అదేమిటయ్యా! అది చిత్తుప్రతి! నలుగురూ చదివితే నా పరువేం కావాలి?"

నిజానికి పంపలేదు. ఉద్యోగం అవసరమున్న మనిషిని. కానీ ఆ మాట చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాను.

"ఆవిడకీ అంతేనండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

మనసులోది మొదటిసారే సరిగ్గా బయటికొస్తుందని పాఠంలో చెప్పినవాళ్ళు ఆ గట్టు చూసి ఉండరు. "తెచ్చుకున్నాను" దగ్గర్నుంచి "తిప్పి పెట్టాను" దాకా రావడానికి ఆవిడకు రెండు రోజులూ రెండు బస్సులూ పట్టాయి. దుఃఖం తగ్గి కాదు, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలని.

ఇప్పుడు ఎవరైనా మూడోసారి దిద్దుకోవడానికి వస్తే విసుక్కోను. కుర్చీ వేసి కూర్చోబెడతాను. మాస్టారు వచ్చినప్పుడు వేసే కుర్చీయే.