రెండు పార్టీల కోడిగుడ్లు

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఎంత సంబరపడ్డారో! "అవ్వా, నువ్వు ఫోటోల పడ్డవ్, మా అపార్ట్‌మెంట్ల అందరికి సూపెట్టినం" అన్నారు. రెండు చేతుల్లో రెండు గుడ్ల ట్రేలు పట్టుకుని, ఇటు ఒక రంగు కండువా, అటు ఇంకో రంగు కండువా, మధ్యలో నేను. పుణెలో ఉన్న పిల్లల సంతోషం ఎందుకు చెడగొట్టాలని అప్పుడు ఊరుకున్నాను. కానీ ఆ ఫోటోను నేను ఎవరికీ చూపించలేదు. ఎందుకో మీకు చెప్పాలి.

అత్వెల్లి దాటి లోపలికి వచ్చే మా ఊరి సర్కారు బడిలో నేను ఎన్నో ఏళ్లు మధ్యాహ్నం వంట చేశాను. నాతోపాటు ఇంకొకామె వండేది. నన్ను అత్తా అని పిలుస్తుంది. వరసకు కాదు, అలవాటుకు. ఆమె భర్త మేస్త్రీ పని చేస్తూ పరంజి కట్టెల మీది నుంచి జారిపడి నడుము పోగొట్టుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు ఆ బడిలోనే చదువుతారు. నాకైతే మీ తాత పొలం ఉంది, వంట పని లేకపోయినా పూట గడుస్తుంది. ఆమెకు ఆ పొయ్యే దిక్కు.

బడిలో పిల్లలకు వారానికి మూడు రోజులు గుడ్డు పెట్టాలి. ముందు మేమే తెచ్చి పెట్టాలి, సర్కారు తరవాత బిల్లు ఇస్తుంది. అదీ పద్ధతి. నెలలు గడిచాయి, బిల్లు రాలేదు. గుడ్ల అప్పు కింద ఆమె చెవుల కమ్మలు పోయాయి. చివరికి గుడ్ల దుకాణం అతను చేతులు జోడించాడు, "ఇగ నాతోని గాదు అవ్వా" అని. అట్లా మా బడిలో గుడ్డు ఆగిపోయింది.

గుడ్డు ఆగిన రెండు వారాలకే మండలం ఆఫీసు నుంచి మాట వచ్చింది. మెనూ ప్రకారం గుడ్డు పెట్టకపోతే మా ఇద్దరినీ తీసేస్తారట, మేడ్చల్ దిక్కు నుంచి వ్యాన్‌లో వండిన అన్నం తెప్పిస్తారట. అంటే గుడ్లకు పైసలు ఇవ్వంది వాళ్లు, గుడ్లు పెట్టలేదని తప్పు పట్టేదీ వాళ్లే. ఆ మాట విన్న రోజు ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. అన్నం గంజి వార్చడం కూడా మరిచిపోయింది.

బిల్లు ఎందుకు రాదని నేను మా మరిదిని అడగడానికి వెళ్లాను. మీ చిన్న తాత. ఇక్కడ రాష్ట్రంలో గద్దె మీద ఉన్న పార్టీలో తిరుగుతాడు. నేను వెళ్లేసరికి మా అక్క కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. వాడిది ఢిల్లీలో గద్దె మీద ఉన్న పార్టీ. షామీర్‌పేట దిక్కు ప్లాట్ల వెంచర్‌లో ఇద్దరూ భాగస్వాములు, పొద్దున ఒకే కారులో పోయి భూములు చూసి వస్తారు. రాజకీయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లీ కుక్కా.

"ఢిల్లోళ్లు అప్పు మీద గీత గీసిండ్రు వదినె. గా గీత దాటి రూపాయి తెచ్చుకోనిస్తలేరు. మేం బిల్లులు యాడికెల్లి ఇయ్యాలె?" అన్నాడు మరిది.

"గీత అన్ని రాష్ట్రాలకు ఉన్నది కాకా. ఏడాదికి తెచ్చుకోవాల్సిన అప్పు ఆర్నెల్లల్ల మింగి, ఇప్పుడు గీత మీద పడి ఏడుస్తున్నరు మీరు."

"ఎవడు మింగిండురా? బడి పిల్లల బువ్వకు మీ వాటా ఏది?"

"మా వాటా ఎప్పుడో పంపినం. మీ వాటా కలిపితే గద కదిలేది."

నేను మెల్లగా అడిగాను. "గుడ్డు ఎవల వాటాల ఉన్నది బిడ్డా?"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ ఒక్క విషయంలో మాత్రం కలిశారు.

"నీకు గివన్ని సమజ్ గావు వదినె" అన్నాడు మరిది.

"చాయ్ తాగు సిన్నమ్మా" అన్నాడు అక్క కొడుకు.

నాకు సమజ్ కాకపోవడానికి ఏముంది? రాష్ట్రం ఏడాదికి ఎంత అప్పు తెచ్చుకోవచ్చో ఢిల్లీ చెబుతుంది. అంతకు మించితే ఎక్కడో ఒక చోట ఖర్చు కొయ్యాలి. కొయ్యడానికి వీళ్లకు కనబడింది పిల్లల పళ్లెంలో గుడ్డు. మీటింగులకు పెట్టే బిర్యానీ కనబడలేదు, వెనకాల తిరిగే కార్లు కనబడలేదు.

బడి పెద్దసారు మంచివాడు. అధికారికి ఒక కాగితం రాశాడు. "బిల్లులు రాక గుడ్లు ఆగాయి, ఇందులో వంటవాళ్ల తప్పు లేదు, వాళ్లను తీసేయవద్దు" అని. "రెండు పార్టీల పెద్దమనుషులు సంతకం పెడితే ఆ కాగితం చింపెయ్యరు అవ్వా. ఆమె పని నిలబడ్తది" అన్నాడు.

అప్పుడు నేను ఒక తెలివితక్కువ పని చేశాను. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పొలం గట్టు కాడ కొట్లాడుకున్న అన్నదమ్ములను పెద్దలు ఒకే బంతిలో పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే గంజులోంచి వడ్డిస్తారు. తిని చెయ్యి కడుక్కున్నాక మళ్లీ ఆ కొట్లాట మాట ఎత్తకూడదు. మా అత్త అట్లా ఎన్ని కొట్లాటలు తెంపిందో నేను కళ్లారా చూశాను. వీళ్లిద్దరినీ బడికి పిలిచి, పిల్లల బంతిలో కూర్చోబెట్టి, ఆ నీళ్ల పప్పు, ఆ ఉత్త అన్నం పెడితే సిగ్గొచ్చి సంతకం పెడతారనుకున్నాను. ఇద్దరినీ ఇంటికి పోయి పిలిచాను. బుధవారం రమ్మన్నాను.

వచ్చారు. మరిది ఎనిమిది మందిని వెంటేసుకుని, నాలుగు ట్రేల గుడ్లతో వచ్చాడు. ఈ సంగతి ముందే తెలిసినట్టుంది, అక్క కొడుకు ఆరు ట్రేలు తెచ్చాడు. బంతిలో కూర్చోమంటే "ఇప్పుడే తినొచ్చిన వదినె" అని ఒకరు, "ఉపాసం సిన్నమ్మా" అని ఒకరు. పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. అన్నం సల్లారుతోంది.

"ముందు మా గుడ్లు ఉడకబెట్టుండ్రి, మేం ముందొచ్చినం."

"మావి ఎక్కువున్నయ్ గదా కాకా, మావి ముందు పెట్టాలె."

"ఎక్కువెందుకుండయ్? రాష్ట్రానికి రావల్సిన పైసలన్ని మీ ఢిల్లీలనే ఉన్నయాయె."

"అప్పు జేసి తెచ్చిన గుడ్లు గావు ఇవి. మీ లెక్క గాదు."

వెనక ఉన్నవాళ్లు ఈలలు వేశారు. చెరొక ట్రే నా చేతికి ఇచ్చారు. ఇటు చూడవ్వా అని ఒకడు, అటు చూడవ్వా అని ఇంకొకడు. మీరు చూసిన ఫోటో అప్పటిదే. నేను నవ్వుతున్నట్టు కనబడుతుందేమో. అది నవ్వు కాదు, ట్రేల బరువుకు పళ్లు బిగబట్టాను.

ఇక కాగితం. "ఢిల్లీ అప్పు తెచ్చుకోనియ్యక బిల్లులు ఆగినయ్ అని రాయి సారూ, పెడ్త" అన్నాడు మరిది. "రాష్ట్రం దుబారా జేసి ఆగినయ్ అని రాస్తే పెడ్త" అన్నాడు అక్క కొడుకు. పెద్దసారు ఒక మాట రాయడం, ఇద్దరిలో ఒకరు కొట్టెయ్యడం. వంటామె చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడి, వాళ్ల పెన్ను కదలడాన్నే చూస్తోంది. ఆఖరికి ఇద్దరూ సంతకం పెట్టకుండానే లేచారు.

ఇంకా అసహ్యమైన సంగతి వినండి. ఫోటోలు అయిపోగానే, ఉడకబెట్టకముందే ట్రేలు మళ్లీ కార్లెక్కాయి. పక్క ఊరి బడిలో కూడా ఫోటో దిగాలట. ఇద్దరివీ. మాకు ఒక్కొక్కరు ఒక ట్రే వదిలేశారు. వాటిని ఉడకబెట్టి, పొట్టు తీసి, కుట్టుదారం చెరో కొస పట్టుకుని ఒక్కో గుడ్డునూ రెండు ముక్కలుగా కోశాం. పిల్లకు సగం. ఒక చిన్నపిల్ల ఆ సగాన్ని చేతిలో పట్టుకుని, "ఇంకో సగం రేపిస్తవా అవ్వా?" అంది. అప్పటికి మధ్యాహ్నం రెండు గంటలు దాటింది.

పెద్దసారు సంతకాలు లేకుండానే కాగితం పంపాడు. పది రోజుల తరవాత అధికారి మమ్మల్ని ఆఫీసుకు పిలిచి, తన ఫోన్ మా ముఖం ముందు పెట్టాడు. అవే ఫోటోలు, రెండు పార్టీలవీ.

"గుడ్లు పెడ్తున్నరు గదమ్మా. నువ్వే పట్టుకున్నవ్. మరి లేవని కాగితం ఎందుకు రాసిండ్రు?"

"అది ఒక్క రోజే సారూ. అదీ సగం సగం" అన్నాను.

"ఒక్క రోజైనా దాతలు ఇస్తుండ్రంటే, తెచ్చుకోవాల్సింది మీరే. మిగిలిన రోజులు పెట్టకపోవుడు మీ నిర్లక్ష్యం."

వంటామె నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. ఆ ఇద్దరినీ పిలిచింది నేను. పిలవకపోతే ఆ ఫోటోలు ఉండేవి కావు. సంతకాలు లేని కాగితమైనా అధికారి చదివేవాడేమో. ఈ మాట నేను ఆమెకు చెప్పాను. "నువ్వు మంచికే పిల్సినవ్ అత్తా" అంది. అంతకంటే ఒక తిట్టు తిట్టినా నాకు బాగుండేది.

నెల తిరక్కుండా వ్యాన్ వచ్చింది. మా గంజులు, గరిటెలు తెచ్చుకోవడానికి ఆ రోజు ఇద్దరం బడికి వెళ్లాం. వ్యాన్ డబ్బాల్లోంచి అన్నం, సాంబారు వడ్డిస్తున్నారు. అది గుడ్డు పెట్టాల్సిన రోజు. డబ్బాలన్నీ చూశాను, గుడ్డు లేదు.

"గుడ్డుకు బిల్లు వేరే అవ్వా" అన్నాడు పెద్దసారు, నేల చూపులు చూస్తూ. "అది మంజూరైనాకనే వాళ్లు తెస్తరట."

"మరి మనల్నెందుకు తీసేసిండ్రు అత్తా?" అంది ఆమె. నేను గంజు నెత్తికెత్తుకున్నాను. ఇప్పుడు ఆమె పొద్దున్నే ఆటో ఎక్కి తుర్కపల్లి పోతుంది. మందుల కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. రాత్రి ఇంటికి వచ్చేసరికి పిల్లలు నిద్రకళ్లతో ఉంటారు.

పోయిన ఆదివారం ఆ ఇద్దరూ ఒకరి తరవాత ఒకరు మన ఇంటికి వచ్చారు. ఊరి ఎన్నికలు వస్తున్నాయట. ముందు మరిది. "నీ ఫోటో మస్తు నడిసింది వదినె, మా దిక్కు నుంచి వార్డుకు నిలబడు." గంట తరవాత అక్క కొడుకు, అదే మాట, కండువా మాత్రం వేరు. మరిది లెక్కనే వాడూ కుర్చీలో కూర్చుని, ఎండలో వచ్చానని మంచినీళ్లు అడిగాడు.

నేను ఎవరి మీదా గొంతు పెంచేదాన్ని కాదని మీకు తెలుసు. మరిదికి ఎట్లా చెప్పానో వాడికీ అట్లాగే, మెల్లగానే చెప్పాను.

"మా ఇంట్ల నీళ్లు లేవు బిడ్డా. పో."