చూస్తే దాక్కునేది

మాచర్ల స్టేషన్ రోడ్డులో అబిదా నడిపే లాప్‌టాప్ రిపేరు కొట్టు ఒకప్పుడు వాళ్ళ నాన్న మౌలాలీ రేడియోలు బాగుచేసిన కొట్టు. ఏ మెషీన్ వచ్చినా ముందు దానిమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు వినడం ఆయన్నుంచి వచ్చిన అలవాటు.

"మళ్ళీ కునుకు తీస్తందే ఈ పిల్ల!" అని పక్కన టీకొట్టు నడిపే సైదాబీ రోజూ ఆటపట్టిస్తుంది. కునుకు కాదది. లోపలెక్కడో ఓ చిన్న ఊరు ఉన్నట్టూ, ఆ వీధుల్లో ఎవరెవరు తిరుగుతున్నారో అడుగుల చప్పుడు తనకు తెలుస్తున్నట్టూ ఉంటుంది అబిదాకి.

ఆ మధ్యాహ్నం దుర్గి నుంచి జ్యోతిర్మయి వచ్చింది. శిల్పాలు చెక్కే ఇంటి కోడలు. లాప్‌టాప్ మీద రాతిపొడి తెల్లగా పేరుకుని ఉంది.

"ఒక గీత గీస్తే అది కనపడేలోపు టీ తాగి రావచ్చు అబిదా. చానా కాలిపోతంది కూడా. తడి గోనెసంచి మీద పెట్టుకుని వాడుతున్నా."

"ఇంకా నయం అక్కా, రాయి కోసేటప్పుడు పోసినట్టు నీళ్ళు పోయలేదు."

"మీ బావ పోస్తానన్నాడు. నేనే చెయ్యి పట్టుకు ఆపా," అని నవ్వింది జ్యోతిర్మయి. వెంటనే ఆ నవ్వు పోయింది. "ఫార్మాట్ మాత్రం కొట్టమాకు. మా మామయ్య ఇన్నేళ్ళూ తన నమూనాలే చెక్కాడు. ఈసారి నేను దీంట్లో గీసిన సరస్వతిని చెక్కుతానన్నాడు. రేపు పొద్దున బొమ్మ చూపించకపోతే పాత నమూనాతోనే ఉలి పట్టేస్తాడు."

అబిదా మూత విప్పి ఫ్యానులో ఇరుక్కున్న పొడినంతా బ్రష్‌తో దులిపింది. వేడి కొంచెం తగ్గింది, నెమ్మదితనం తగ్గలేదు. ఏ ప్రోగ్రామ్ ఎక్కువ పనిచేస్తోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచింది. అంతా బుద్ధిగా ఉంది. ఫ్యాను ఈల కూడా తగ్గింది. టాస్క్ మేనేజర్ మూసేసి, లాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించింది. ఫ్యాను మళ్ళీ ఈలవేసింది. తెరిస్తే నిశ్శబ్దం, మూస్తే ఈల.

"ఏందే అట్టా ఉలికిపడ్డావ్?" అంది జ్యోతిర్మయి.

"చూస్తే దాక్కుంటంది అక్కా. మనం అటు తిరగ్గానే పని మొదలుపెడతంది."

నెట్ తీసేసింది. కాసేపటికి ఈల దానంతటదే ఆగిపోయింది. ఎవరో ఎక్కడో దూరంగా కూర్చుని ఈ మెషీన్ చేత వెట్టిచాకిరీ చేయించుకుంటున్నారన్నమాట. పెన్‌డ్రైవ్ నుంచి, విండోస్ లేవకముందే స్కాన్ పెట్టింది. స్కాన్ ఎంతవరకు వచ్చిందో చూపే గీత మెల్లగా కదులుతుంటే, నాగార్జునసాగర్ నీళ్ళ మీద పడవ పోతున్నట్టు అనిపించి అబిదా చూపు అక్కడే నిలిచిపోయింది. పడవ ఒడ్డు చేరేసరికి దొంగ దొరికాడు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోనే!

"ఇది ఎక్కడ తెచ్చావక్కా?"

"యూట్యూబ్‌లో చూసి. ఫ్రీ అన్నారు. యాంటీవైరస్ ఆపేసి ఎక్కించమన్నారు." జ్యోతిర్మయి గొంతు తగ్గింది. "అది తీసేస్తే నా బొమ్మ తెరుచుకోదు కదే."

అబిదా కళ్ళు మూసుకుంది. ఆ ఊళ్ళో దొంగ ఇంట్లోనే సరస్వతి కూర్చునుంది. ఆమెను ముందు బయటికి తేవాలి, తర్వాతే ఇల్లు కూల్చాలి.

నెట్ లేకుండానే ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, వేరే ప్రోగ్రాముల్లోనూ తెరుచుకునే రకం ఫైలుగా బొమ్మను పెన్‌డ్రైవ్‌లోకి దించింది. తన కంప్యూటర్లో ఆ ఫైలునీ స్కాన్ చేసింది. శుభ్రంగా ఉంది. అప్పుడు దొంగను సాఫ్ట్‌వేర్‌తో సహా తీసేసి, ఇంకోసారి స్కాన్ చేసి, నిజంగానే ఉచితంగా ఇచ్చేదాన్ని వాళ్ళ సొంత సైటు నుంచి ఎక్కించింది.

"నీ పాస్‌వర్డులన్నీ ఫోన్లోంచి మార్చుకో, మర్చిపోమాక," అంటూ ఫైలు తెరిచింది.

సరస్వతి వచ్చింది. కానీ పట్టుచీర ఎరుపు లేదు, నగల పసుపు లేదు. తల నుంచి పాదం దాకా ఒకటే బూడిదరంగు.

"రంగులు రాలేదక్కా," అంది అబిదా.

జ్యోతిర్మయి మౌస్ అందుకుంది. అన్ని పక్కలా కనపడేలా బొమ్మను మెల్లగా తిప్పింది. మెడ ఒంపు దగ్గర ఆగింది, వీణ మీద వేళ్ళ దగ్గర ఆగింది.

"మా మామయ్యకి రాతిలో కనపడేది ఇట్టానే," అంది చివరికి. "రంగుల్లో పడి నాకు తెలవలేదే. ఈ ఎడమ భుజం బరువైంది చూడు."

కుర్చీ లాక్కుని అక్కడే దిద్దడం మొదలుపెట్టింది. గీత గీయగానే కనపడుతోంది.

"దుర్గి బస్సు కదులుతందమ్మోవ్!" సైదాబీ కేకేసింది.

"పోనీలే పిన్నీ, ఇంకోటి వస్తది," అంది జ్యోతిర్మయి, తల తిప్పకుండా.