రెండో పేజీ చదివిన సిస్టరుగారు

2023 వేసవి. విజయనగరంలో మా మావగారి బట్టల కొట్టు పక్క గదిలో, ఇళ్లూ స్థలాలూ చూపించే ఆఫీసు పెట్టి అప్పటికి ఆరేళ్లయింది. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని ఊళ్లో ప్రతి ఒక్కరూ బ్రోకరే. మా వీధి టీ బడ్డీ అతను కూడా గ్లాసు అందిస్తూ ఫలానా చోట సైటుందని చెప్పేవాడు.

మా పనిలో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. మండుటెండలో స్కూటర్ మీద తిరిగి పది ఇళ్లు చూపిస్తాం. కొనేవాళ్లు మనకి తెలియకుండా ఇంటాయన దగ్గరికెళ్లి బేరం కుదుర్చుకుంటారు. తర్వాత బజార్లో ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. మూడుసార్లు ఇలా దెబ్బతిన్నాక, హైదరాబాదులో ఇదే పని చేసే స్నేహితురాలి దగ్గర నుంచి బయ్యర్ ఎగ్రిమెంటు నమూనా తెప్పించాను. ఇల్లు కొనేవాళ్లూ ఏజెంటూ రాసుకునే ఒప్పందం అది. ఆరు నెలలపాటు ఆ ఏజెంటు ద్వారానే కొనాలన్న షరతు మొదటి పేజీలోనే ఉంది. దాన్ని ఎక్స్‌క్లూజివ్ అంటారు. అది చూసి సంబరపడిపోయి, మిగతాది చదవకుండానే తెలుగు చేయించి టైపుకిచ్చేశాను.

ఆ కాగితం మీద మొదట సంతకం పెట్టింది రూతమ్మగారు. మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ చెల్లెలు మార్తగారు వీల్‌చైర్‌లోనే తిరుగుతారు. అద్దె ఇంటికి ఏడు మెట్లు. ఆదివారం చర్చికెళ్లాలన్నా ఇద్దరు మనుషులొచ్చి ఆవిణ్ని ఎత్తి దింపాలి.

“మా మార్త ఎవుల సాయం లేకుండా వీధిలోకి రావాల. అలాటి ఇల్లు సూపించమ్మా. పెద్దదక్కర్లేదు,” అన్నారు రూతమ్మగారు.

కాగితం ఇస్తే అక్కడే సంతకం పెట్టలేదు. రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని చదివి తెచ్చారు. నాకు చిన్నతనం అనిపించింది.

“నా మీద నమ్మకం లేదేటి సిస్టరుగారూ?”

“మందు సీసా మీద రాసింది సదవకుండా నేనెవులికీ ఇంజెక్షన్ సెయ్యలేదమ్మా,” అన్నారు.

వాళ్లకి చూపించిన మూడో ఇల్లు నాయుడు మావయ్యది. మా మావగారి స్నేహితుడాయన, నన్ను కోడలా అని పిలుస్తాడు. గడపలు లేని గదులు, వెడల్పాటి తలుపులు, గేటు నుంచి రోడ్డు దాకా నున్నటి సిమెంటు దారి. మార్తగారు చక్రాలు తిప్పుకుంటూ ఒక్కరే రోడ్డు మీదకి వచ్చేశారు. అటుగా పోతున్న ముంజలావిణ్ని ఆపి, పావుగంట బేరమాడి డజను కొన్నారు. రూతమ్మగారు వరండాలో నిలబడి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

అడ్వాన్సు ఇచ్చే ముందురోజు సాయంత్రం నాయుడు మావయ్య ఆఫీసుకొచ్చాడు.

“కోడలా, ఆ దారి మనది కాదు. పక్క సైటాయనది. మాట మీద ఇన్నాళ్లూ నడుస్తన్నాం. ఇప్పుడు ఆయన కొడుకు గోడ కట్టీస్తానంటన్నాడు. నువ్వేటీ సెప్పకు. రిజిస్ట్రేషన్ అయ్యేక ఆళ్లే సూసుకుంటారు.”

గోడ లేస్తే ఆ ఇంటికి మిగిలేది వెనక సందు. దానికి ఐదు మెట్లు. నాకు తెలుసు. అయినా తలూపాను. మా దగ్గర బ్రోకరు రెండు వైపులా కమిషన్ తీసుకుంటాడు, రెండు వైపులా మన మనిషి అనిపించుకుంటాడు, ఎవరి గుట్టు వాళ్లదని కడుపులో పెట్టుకుంటాడు. అందరూ చేసేదే నేనూ చేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు పొద్దున్నే రూతమ్మగారు ఎగ్రిమెంటుతో వచ్చారు. బయట ఆటోలో మార్తగారున్నారు. రెండో పేజీ తీసి, ఒక చోట వేలు పెట్టి పైకి చదివారు. ఏజెంటు కొనేవారి తరపున మాత్రమే పనిచేయాలి. ఆస్తి గురించి తనకు తెలిసిన ఏ విషయమూ దాచకూడదు. అమ్మేవారి దగ్గర ఏమీ తీసుకోకూడదు.

“నువ్వు రాయించిన కాయితమే కదమ్మా. సంతకం కూడా నీదే. ఆరు నెల్లు ఇంకోల దగ్గరికెల్లకుండా నన్ను కట్టీసేవు. నిన్ను కట్టీసింది ఇక్కడున్నాది. ఇప్పుడు సెప్పు, ఈ ఇంటి గురించి నాకు తెలవంది ఏటైనా ఉన్నాదా?”

నా కాగితాన్ని నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఏమీ లేదండీ అంటే సరిపోయేది. కిటికీలోంచి మార్తగారు కనిపిస్తున్నారు, ఒళ్లో బిస్కెట్ల డబ్బా పెట్టుకుని పెళ్లికెళ్తున్నట్టు కూర్చున్నారు. దారి సంగతి మొత్తం చెప్పేశాను. రూతమ్మగారు తిట్టలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

“మార్తకి నువ్వే సెప్పు,” అన్నారు.

ఆరేళ్లలో అంత కష్టమైన పని చెయ్యలేదు. ఆటో దగ్గర నిలబడి చెప్పాను. మార్తగారు ఒళ్లో డబ్బా తీసి పక్కన పెట్టారు. తర్వాత, “అయితే ఇంకోటి సూడమ్మా. ముంజలావిడి వచ్చే వీధే సూడు,” అన్నారు.

నాయుడు మావయ్య కొట్టు ముందే కేకలేశాడు. “ఇంటి కోడలివని సెప్తే పరాయోలకి సెప్పీసేవా!” మా మావగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎవరేమనుకున్నా ఆ అక్కచెల్లెళ్లకి ఇల్లు చూపించి తీరాలని పట్టుబట్టాను. దారి హక్కు రాసివ్వమని పక్క సైటాయన ఇంటికి మూడుసార్లు వెళ్లాను, ఒప్పుకోలేదు. ఆ ఇల్లు వదిలేసి సంచిలో టేపు పెట్టుకుని తిరిగాను. ప్రతి ఇంట్లోనూ తలుపు వెడల్పు, గడప ఎత్తు కొలిచాను. ప్రతి దస్తావేజులోనూ ముందు దారి ఎవరిదో చూశాను. ఒప్పందం గడువు ఇంకో మూడు వారాల్లో అయిపోతుందనగా గజపతినగరం వెళ్లే రోడ్డు పక్కన మెట్లు లేని ఇల్లు దొరికింది. దారితో సహా ఇంటాయన పేరు మీదే ఉంది. గృహప్రవేశం ప్రార్థనకి పాస్టరుగారు వచ్చేసరికి మార్తగారు గేటు బయట ఎదురుచూస్తున్నారు.

అప్పటి నుంచి నేను ఎగ్రిమెంటు రెండో పేజీతోనే మొదలుపెడతాను. నేను ఎవరి మనిషినో, ఏం దాచకూడదో కొనేవాళ్లకి పైకి చదివి వినిపించాకే సంతకాలు. రెండు వైపులా తీసుకోవడం మానేశాను. వ్యాపారం కొంత తగ్గింది, నిద్ర బాగా పడుతోంది.

పోయినేడు నాయుడు మావయ్య మళ్లీ ఆఫీసు మెట్లెక్కాడు. మోకాళ్ల నొప్పులట, కింది అంతస్తులో ఫ్లాటు కొనుక్కోవాలట. మంచినీళ్లు తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“కోడలా, ఆ సిస్టరుకి రాసిచ్చేవు కదా కాయితం. నాకూ అదే రాయి. ఆ రెండో పేజీ మాత్రం తీసీయకు.”

ప్రింటు తీసి ఆయన చేతికిచ్చి, పూర్తిగా చదివే దాకా ఆగి, ముందు నేనే సంతకం పెట్టాను.